నేర్పుతామని రాసిచ్చారా?

పోయిన దసరా సెలవులైపోయాక ఒక ఆదివారం మా సంఘం ఆఫీసుకి ఒక అమ్మాయి వచ్చింది. నరసరావుపేట దగ్గర పల్లె. బి.కాం. పూర్తి చేసి, అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉంటూ, అక్కడే ఒక చిన్న కంపెనీలో డిజిటల్ మార్కెటింగ్ అప్రెంటిస్‌గా చేరింది. అప్పటికి ఎనిమిది నెలలు. మా దగ్గరికి సాధారణంగా భర్త కొట్టాడనో, అత్తవారు గెంటేశారనో, కోర్టు వేసిన మనోవర్తి ఇవ్వడం లేదనో వస్తారు. ఈ అమ్మాయి చేతిలో ఒకే ఒక కాయితం పట్టుకుని వచ్చింది. "మేడంగారూ, నేను చేసేది ఉద్యోగమా, చదువా? మా నాన్న అడుగుతున్నాడు. ఏం చెప్పాలో నాకే తెలియట్లేదు" అంది.

ఆ కాయితం చదివాను. పైన కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. కింద 'ట్రైనీ అప్రెంటిస్' అని ఉంది. అమ్మాయి ఏమేం చెయ్యాలో తొమ్మిది షరతులు రాశారు. సమయానికి రావాలి, కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదు, అవసరమైతే ఆదివారాలు కూడా పనిచెయ్యాలి, ఏడాదిలోపు మానేస్తే 50,000 రూపాయలు కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గర ఉంచాలి, ఇలా. నెలకి 6,000 రూపాయలు 'పనితీరును బట్టి' ఇస్తారట. తిప్పి చూశాను. వెనక ఖాళీ. కంపెనీ ఆ అమ్మాయికి ఏం నేర్పుతుందో ఎక్కడా ఒక్క ముక్క లేదు.

"ఈ ఎనిమిది నెలల్లో ఏం చేశావమ్మా?" అని అడిగాను. పోస్టర్లు చేసిందట. ఉగాది శుభాకాంక్షలు, రంజాన్ శుభాకాంక్షలు, మదర్స్ డే, డాక్టర్స్ డే, వరలక్ష్మీవ్రతం, వినాయక చవితి, బతుకమ్మ. ఒక ఆసుపత్రికి, ఒక నగల కొట్టుకి, రెండు రియల్ ఎస్టేట్ వెంచర్లకి, ఒక ఇంటర్ కాలేజీకి. బొమ్మ అదే, కింద పేరూ ఫోన్ నంబరూ మార్చడమే. అది కాక ఆ సంస్థల ఫేస్‌బుక్ పేజీలకి వచ్చే మెసేజ్‌లకి జవాబులివ్వడం. దానికి వేళాపాళా లేదు. "ప్రకటన మీద డబ్బు ఎలా పెడతారో, ఎంత పెడితే ఎంతమంది కొనడానికి వస్తారో చూశావా?" అని అడిగితే, "లేదండీ, ఆ లాగిన్ సార్ దగ్గరే ఉంటుంది" అంది.

ఆ ఒక్క మాట పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. వడ్రంగి దగ్గర పని నేర్చుకోడానికి చేరిన కుర్రాడికి ఎనిమిది నెలలపాటు ఉలి ముట్టనివ్వకుండా పొట్టు ఊడిపిస్తే, ఆ కుర్రాడు వడ్రం నేర్చుకుంటున్నాడని ఎవరమైనా అంటామా?

హక్కుల పత్రికలో దీని గురించి ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. మన ఆడపిల్లలు ఇప్పుడు ఎటు నడుస్తున్నారో చూస్తే అర్థమవుతుంది. మా తరంలో డిగ్రీ చదివిన అమ్మాయికి పెళ్ళి కుదిరేలోపు టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పించేవారు. తర్వాత కంప్యూటర్ కోర్సులు వచ్చాయి. 1990ల చివర్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అని హైదరాబాదంతా బోర్డులు వెలిశాయి. ప్రతిసారీ పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటే, 'ఆడపిల్లకి బాగుంటుంది, నీడపట్టున కూర్చుని చేసుకునే పని'. ఇప్పుడు డిజిటల్ మార్కెటింగ్ గురించి అదే అంటున్నారు. దీనికి ఇంజనీరింగ్ అక్కర్లేదు, బి.ఎ. అయినా బి.కాం. అయినా ఫరవాలేదు, పెళ్ళయ్యాక ఇంట్లోంచి చేసుకోవచ్చు అంటున్నారు. మొదటి రెండూ నిజమే. మూడోది వింటే మాత్రం నాకు అనుమానం. పిల్లాడికి పాలు పడుతూ, అత్తగారికి మందులిస్తూ, మధ్యలో ల్యాప్‌టాప్ తెరిచే ఏర్పాటుని స్వేచ్ఛ అనడానికి నా నోరు రాదు. ఆ చర్చ మరోసారి.

ముందు అసలు ఈ పని ఏమిటో చూద్దాం. నాకూ రెండేళ్ళ కిందటి వరకు తెలియదు, మా చెల్లెలి కూతురు చెబితే తెలిసింది. ఒకామె మీ ఊళ్ళో ఉప్పాడ చీరలు అమ్ముతోంది అనుకోండి. కొనాలనుకున్న మనిషి గూగుల్లో 'దగ్గర్లో ఉప్పాడ చీరలు' అని వెతుకుతుంది. పైన కొన్ని కొట్ల పేర్లు డబ్బు కట్టినందుకు వస్తాయి, కింద కొన్ని డబ్బు కట్టకుండానే వస్తాయి. డబ్బు కట్టకుండా పేరు పైకి రావాలంటే ఏం రాయాలి, ఎలా రాయాలి అనేది ఒక విద్య. డబ్బు కట్టి రప్పించడం మరో విద్య. మామూలుగా ఈ వెతుకులాట ప్రకటనల్లో, జనం దాన్ని నొక్కినప్పుడే డబ్బు పోతుంది. ప్రతి వెతుకులాటకీ లోపల ఒక వేలంపాట జరుగుతుంది. అందులో ఎక్కువ పాడినవాళ్ళే గెలుస్తారని లేదు. ప్రకటన ఎంత పొందికగా ఉంది, నొక్కితే తెరుచుకునే పేజీ ఎంత పనికొచ్చేదిగా ఉంది అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే ఏ ఊరివాళ్ళకి, ఏ వయసువాళ్ళకి, ఏ ఆసక్తి ఉన్నవాళ్ళకి ప్రకటన చూపించాలో మనమే ఎంచుకోవచ్చు.

ఇందులో అసలు నైపుణ్యం బొమ్మ తయారుచెయ్యడంలో లేదు. ఒక రూపాయి ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో జాడ పట్టుకోవడంలో ఉంది. ఎంతమంది చూశారు, అందులో ఎంతమంది నొక్కారు, నొక్కినవాళ్ళలో ఎంతమంది ఫోన్ చేశారు, ఫోన్ చేసినవాళ్ళలో ఎంతమంది కొన్నారు, ఒక్కో ఫోనుకీ ఎంత ఖర్చయింది. ఈ లెక్క చదవగలిగిన మనిషికి బేరమాడే శక్తి ఉంటుంది. ఒకే వస్తువుకి రెండు రకాలుగా ప్రకటన రాసి, ఏది పనిచేసిందో చూసి, రెండోదాన్ని ఆపెయ్యడం తెలిసిన మనిషికి ఉంటుంది. శుభాకాంక్షల పోస్టర్లు మాత్రమే తెలిసిన మనిషికి ఉండదు. అసలు ఇప్పుడు ఆ పోస్టరూ, దాని కింది నాలుగు వాక్యాలూ కృత్రిమ మేధ క్షణంలో చేసిపెడుతోంది. అంటే ఆ అమ్మాయి ఎనిమిది నెలలు కష్టపడి నేర్చుకున్నది యంత్రం ముందుగా మింగేసే పనే.

కాబట్టి అప్రెంటిస్‌గా చేరే అమ్మాయి ఆశించాల్సిందేమిటి? మొదటి నెలా రెండు నెలలు చిల్లర పనులు ఉంటాయి, ఉండాలి కూడా. పోస్టర్లు, పేజీలకి జవాబులు, వారం వారం రిపోర్టులో అంకెలు ఎక్కించడం. ఆ అంకెలు ఎక్కించేటప్పుడే అవేమిటో అడగాలి. మూడో నెలకల్లా ఖాతాలు తెరిచి చూడగలగాలి, ముట్టుకోకపోయినా సరే. ఈ ఖాతాల్లో చూడడానికి మాత్రమే అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉంది. యజమాని పాస్‌వర్డ్ ఇవ్వనక్కర్లేదు, అప్రెంటిస్ ఈ-మెయిలుకి ఆహ్వానం పంపితే చాలు. 'నమ్మకం కుదరాలి కదమ్మా' అనేది సాకు. ఆరో నెలకల్లా, ఎంత చిన్నదైనా, ఒక ప్రకటన మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో నడిపి ఉండాలి, తప్పులతో సహా. ఇదంతా పక్కన కూర్చుని చూపించే మనిషి ఒకరు ఉండాలి. యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకోమనేవాళ్ళ దగ్గరికి పోయి ఆరువేలకి రోజంతా పనిచెయ్యడమెందుకు, హాస్టల్ గదిలోనే చూసుకోవచ్చు. గూగుల్ తన ప్రకటనల పాఠాలు ఉచితంగానే పెట్టింది.

ఇక చట్టం. 1961 అప్రెంటిస్ చట్టం ఫిట్టర్లు, టర్నర్లు, ఎలక్ట్రీషియన్ల ఫ్యాక్టరీ లోకంలో పుట్టింది. ఇంగ్లీషు ప్రతిలో అప్రెంటిస్ అన్న ప్రతిచోటా పురుషుడే. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు స్థానాలు కేటాయించాలని అందులో ఉంది, స్త్రీలకు అలాంటిదేమీ లేదు. 2014 సవరణతో ఇంజనీరింగేతర డిగ్రీవాళ్ళకీ, కంపెనీలు తాము ఎంచుకున్న 'ఆప్షనల్ ట్రేడు'లకీ దారి తెరిచారు. డిజిటల్ మార్కెటింగ్ ఆ తలుపులోంచే వచ్చింది. 2019 నిబంధనల ప్రకారం 30 మందీ, అంతకు మించీ పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉన్నవాళ్ళు ఇష్టమైతే తీసుకోవచ్చు. అమీర్‌పేటలో ఒక్కో అంతస్తులో రెండు మూడు గదుల్లో నడిచే ఏజెన్సీలు చాలామటుకు ఈ రెండో రకమే. తప్పనిసరి కాదు కనుక అక్కడికి ఎవరూ తొంగిచూడరు.

ఈ చట్టంలో మనకి గొంతు మీద కత్తిలాంటి సెక్షన్ ఒకటుంది, 18వది. అప్రెంటిస్ అంటే శిక్షణ పొందే వ్యక్తే కాని కార్మికుడు కాడు, కార్మిక చట్టాలేవీ అతనికి వర్తించవు అంటుంది. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ కూడా ఈ చట్టం కింద చేరిన అప్రెంటిస్‌లని ఉద్యోగి నిర్వచనంలోంచి తప్పించింది. అంటే పి.ఎఫ్. లేదు, కనీస వేతనం లేదు, పారిశ్రామిక వివాదం లేవనెత్తే హక్కు లేదు. ఇంత పెద్ద త్యాగం అప్రెంటిస్ చేత ఎందుకు చేయిస్తున్నారు? బదులుగా విద్య ఇస్తారని. మొత్తం బేరం ఇదే. నేర్పడం మానేసి పని చేయించుకుంటే, ఒకవైపు కార్మికురాలి శ్రమ తీసుకుంటూ, మరోవైపు కార్మికురాలివి కాదు పొమ్మన్నట్టు. దీనికి మన భాషలో వెట్టి అనే పాత మాట ఉంది.

కాని ఆ చట్టమే యజమాని మీదా కొన్ని పగ్గాలు వేసింది. అవి మన అమ్మాయిలకి ఎవరూ చెప్పరు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, ప్రభుత్వ పోర్టల్లో నమోదు కావాలి. శిక్షణకు సంబంధం లేని పని చేయించకూడదు. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైము చేయించకూడదు. ముఖ్యంగా 13వ సెక్షన్: పని ముక్కల లెక్కన డబ్బివ్వకూడదు, ఉత్పత్తి బోనస్‌లూ ప్రోత్సాహకాలూ అనే పథకాల్లోకి అప్రెంటిస్‌ని లాగకూడదు. మార్కెటింగ్ అంటేనే టార్గెట్లు కదా. 'ఈ నెల యాభై లీడ్లు తెస్తే పూర్తి స్టైపెండు, లేకపోతే సగం' అనడం ఈ రంగంలో మామూలు మాట. ఆ మాట చట్టవిరుద్ధం. అయితే ఇక్కడ కూడా ఒక దగా జరిగింది. ఇలాంటి తప్పులకి ముందు జైలుశిక్ష ఉండేది. 2014 సవరణలో దాన్ని తీసేసి, ఒక్కో తప్పుకీ వెయ్యి రూపాయల జరిమానా అని రాశారు. వెయ్యి రూపాయలకి భయపడే యజమానిని నేనింతవరకు చూడలేదు.

మళ్ళీ ఆ అమ్మాయి కాయితం దగ్గరికి వద్దాం. అది ఎక్కడా నమోదు కాలేదు. పోర్టల్లో ఆమె పేరు లేదు. అంటే ఆమె చట్టం దృష్టిలో అప్రెంటిసే కాదు, కంపెనీ ఆ పేరు వాడుకుందంతే. ఇది చెబితే ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనన్నాను, "ఏడవకు. అప్రెంటిస్‌వి కాకపోతే నువ్వు పని చేసిన మనిషివి. పని చేసిన మనిషికి కూలి అడిగే హక్కుంది." నమోదు కాని 'ట్రైనీ' మీద 18వ సెక్షన్ అడ్డుపెట్టడం కుదరదు, నిజంగా చేసిన పనిని చూపించి కనీస వేతనం కోసం వాదించవచ్చు. నమోదు అయి ఉంటే ఏం వచ్చేది? 2019 నిబంధనల్లో నెలకి కనీస స్టైపెండు పది పాసైనవారికి 6,000, ఇంటర్‌కి 7,000, డిప్లొమాకి 8,000, డిగ్రీకి 9,000 అని పెట్టారు. ఈ రేట్లని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫారసు చేసింది. చేరే రోజున ఏ రేటు అమల్లో ఉందో అడిగి తెలుసుకోవాలి. డిగ్రీ ఉన్న ఈ అమ్మాయికి పదో తరగతి రేటు ఇచ్చి సరిపెట్టారు.

పెంచకముందు రేట్లని ఒకసారి కూలితో పోల్చి చూశాను. 2025-26కి ఉపాధి హామీ పనికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజుకి 307 రూపాయలు ప్రకటించారు. ఇంటర్ పాసైన అప్రెంటిస్‌కి 7,000ని 26 రోజులకి పంచితే 269. చెరువులో మట్టి తవ్వే తల్లి కూలి, నగరంలో కంప్యూటర్ ముందు కూర్చున్న కూతురి స్టైపెండు కంటే ఎక్కువ. అందులోంచే హాస్టల్, బస్సు, ఫోన్ రీచార్జి. మిగిలింది ఊరినుంచి నాన్న పంపుతాడు. అంటే కంపెనీ శిక్షణ ఖర్చుని ఒక సన్నకారు రైతు భరిస్తున్నాడు. ప్రభుత్వం కంపెనీలకి చెయ్యి అందించడం లేదా అంటే, 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండులో నాలుగో వంతు, నెలకి 1,500 మించకుండా, కేంద్రం భరించేలా పెట్టారు. 2023 నుంచి ఆ వాటా నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో పడే ఏర్పాటు చేశారు. అయినా నమోదు చెయ్యని కంపెనీలు ఉన్నాయంటే, డబ్బు కంటే లెక్క చెప్పనక్కర్లేకపోవడమే వాళ్ళకి ఎక్కువ లాభం అన్నమాట.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని సంగతి. పేజీలకి వచ్చే మెసేజ్‌లకి జవాబులిచ్చే పని చాలా కంపెనీల్లో ఆడపిల్లలకే అప్పగిస్తారు, 'ఓపికగా మాట్లాడతారు' అని. కస్టమర్లతో మాట్లాడడానికి కంపెనీ ఫోన్ ఇవ్వకుండా ఆమె సొంత నంబరే ప్రకటనలో వేస్తారు. నగల కొట్టు పేజీకి రాత్రి పదకొండింటికి వచ్చే మెసేజ్‌లు నగల గురించి ఉండవు. ఈ అమ్మాయి ఫోన్ తీసి నాకు చూపించబోయి, మళ్ళీ బల్ల మీద బోర్లా పెట్టేసింది. "సార్‌కి చెప్పావా?" అంటే, "చెప్పానండీ. బ్లాక్ చెయ్యొద్దు, కస్టమర్ పోతాడు, లైట్ తీస్కో అన్నారు."

లైట్ తీసుకోనక్కర్లేదు. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం 'ఉద్యోగి' నిర్వచనంలో ట్రైనీనీ, అప్రెంటిస్‌నీ పేరుపెట్టి చేర్చింది. భన్వారీదేవి పోరాటం నుంచి 1997 విశాఖ తీర్పు దాకా, అక్కడి నుంచి ఈ చట్టం దాకా స్త్రీలు పదహారేళ్ళకి పైగా నడిచిన నడకలో గెల్చుకున్న మాట అది. కార్మిక చట్టాలు గుమ్మం బయట నిలబెట్టిన అప్రెంటిస్‌ని ఈ చట్టం లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. పనిలో తారసపడే బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత అని 19వ సెక్షన్ చెబుతోంది. కస్టమర్ అయినా సరే, బాధితురాలు కోరితే పోలీసు కేసు పెట్టించడంలో సాయపడాలి. పదిమందీ, అంతకు మించీ ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయితే, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి మూడు నెలల్లోపు రాసివ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు గడువు పొడిగిస్తారు. ఆ మెసేజ్‌లు తుడిచేసుకోవద్దు. సిగ్గుతో మన పిల్లలు చేసే మొదటి పని అదే.

సొంత నంబరు, సొంత ఫేస్‌బుక్ ఖాతా, సొంత బ్యాంకు కార్డు, ఈ మూడూ కంపెనీ పనికి ఇవ్వకూడదు. ప్రకటనల ఖాతా అమ్మాయి పేరు మీద తెరిపించి, బిల్లు కట్టకుండా ఎగ్గొడితే అడిగేది అమ్మాయినే. నిబంధనలకి విరుద్ధమైన ప్రకటన వేస్తే ఫేస్‌బుక్ మూసేసేది అమ్మాయి ఖాతానే.

నిబంధనలంటే గుర్తొచ్చింది. ఈ వృత్తిలో అబద్ధాలు రాయమంటారు. వాడని క్రీముకి అయిదు నక్షత్రాల అభిప్రాయాలు పది పేర్లతో రాయమంటారు. చామనఛాయ పిల్ల చేతే 'ఏడు రోజుల్లో తెలుపు' అని రాయిస్తారు. 'మూడు నెలల్లో గర్భం గ్యారంటీ' అని రాయిస్తారు. సంతానలేమి, మధుమేహం లాంటివి మందుతో నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీల చట్టం కిందే నేరం. తప్పుదోవ పట్టించే ప్రకటనలకి 2019 వినియోగదారుల చట్టంలో పది లక్షల దాకా జరిమానా ఉంది. పుట్టబోయేది ఆడో మగో చెబుతామనే ప్రకటనలు 1994 చట్టం ప్రకారం నిషిద్ధం, ఇంటర్నెట్‌లో కూడా. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్‌లు ఈ ప్రకటనలని ఆపాలని సాబు మాథ్యూ జార్జ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. శిక్షణ పేరుతో ఇరవై ఏళ్ళ పిల్ల చేత ఇలాంటివి రాయించడం ఆమెకి పని నేర్పడం కాదు, తనకి రావాల్సిన కేసుకి ఆమెని తోడు తెచ్చుకోవడం. వద్దని చెప్పే ధైర్యం ఒంటరిగా రాదు. ఈ రంగంలో సంఘాలు లేవు. మన మహిళా సంఘాలకీ ఈ గదుల్లోకి దారి తెలియదు. ఇది మన మీద మనం వేసుకోవాల్సిన విమర్శ.

అందరూ ఇలాగే ఉంటారని అనడం లేదు. చక్కగా నమోదు చేసి, కూర్చోబెట్టి నేర్పి, చివర పరీక్ష రాయించి సర్టిఫికెట్ ఇప్పించే సంస్థలు ఉన్నాయి. ఆ సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన అక్కడే ఉద్యోగం ఇస్తారనీ అనుకోకూడదు. చట్టం అలా కట్టడి చెయ్యలేదు, ఎవరి నియామక విధానం వాళ్ళదే అంది. చేరే ముందు తల్లిదండ్రులు జీతం ఎంత అని ఒక్కటే అడుగుతారు. ఒప్పందం నమోదు చేస్తారా, నంబరు ఇస్తారా, పక్కన కూర్చుని నేర్పేది ఎవరు, ఏ నెలలో ఏం నేర్పుతారో కాయితం మీద పెడతారా, అంతర్గత కమిటీలో ఎవరున్నారు, ఇవి కూడా అడగాలి. అడిగితే మొహం మాడ్చేవాళ్ళ దగ్గర చేర్పించకపోవడమే మేలు. ఎదురు డబ్బు కట్టమంటే అది అప్రెంటిస్‌షిప్పే కాదు, కోచింగు. ఒరిజినల్ మెమోలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్సు చాలు.

మన డిమాండ్లు కూడా ఉండాలి. స్టైపెండు కనీస వేతనానికి తగ్గకూడదు. నగరానికొచ్చే అమ్మాయిలకి ప్రభుత్వ హాస్టళ్ళలో అప్రెంటిస్‌లకీ చోటివ్వాలి. నలుగురున్న ఏజెన్సీనైనా ఏడాదికొకసారి అప్రెంటిస్‌షిప్ సలహాదారు తరఫు మనిషి వెళ్ళి, యజమాని లేకుండా అమ్మాయిలతో మాట్లాడాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ నైపుణ్యాల గురించి ఇన్ని సభలు పెడుతున్నాయి కదా, ఆ సభలో అప్రెంటిస్ ఒకరిని మాట్లాడనివ్వమనండి చూద్దాం.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ఆపుతాను. మా లాయరు మిత్రురాలు కంపెనీకి ఒక ఉత్తరం రాసింది. సర్టిఫికెట్లు వారంలో తిరిగి ఇచ్చేశారు. యాభై వేల మాట మళ్ళీ ఎత్తలేదు. రెండు నెలల స్టైపెండు ఇంకా రావాలి, దానికోసం తిరుగుతూనే ఉన్నాం. జనవరిలో మరోచోట చేరింది, ఈసారి ఒప్పందం నమోదయ్యాకే. పోయిన నెల ఫోన్ చేసింది. గుంటూరు పచ్చళ్ళు చేసే ఒక ఆడవాళ్ళ గ్రూపు ప్రకటన తన చేతికిచ్చారట, రోజుకి మూడు వందలు ఖర్చుపెట్టమని. రెండు రోజులు ఒక్క ఫోనూ రాలేదట. మూడోరోజు పొద్దున నేర్పే ఆవిడా తనూ కూర్చుని మొదటినుంచీ వెతికితే, పేజీలో ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు పడిందట. "నేనే తప్పు కొట్టానండీ" అంది, నవ్వుతూ.